డేరా ఎక్కడ వేద్దాం?

పిల్లలూ! సెలవులు వచ్చినప్పుడు మీలో కొందరు స్కౌటు దళంతోనో, బడిలోని స్నేహితులతోనో, అమ్మా నాన్నలతోనో ఊరి బయట డేరా వేసుకుని ఒకటి రెండు రాత్రులు గడిపి ఉంటారు. గడపని వాళ్ళు ఎప్పుడెప్పుడా అని ఉవ్విళ్ళూరుతూ ఉంటారు. దుప్పట్లు చుట్టటం, గిన్నెలు సర్దటం, టార్చిలైటు వెతకటం, ఇవన్నీ ముందు రోజు నుంచే మొదలవుతాయి. కాని అసలు ప్రశ్న ఒకటి ఉన్నది. దాన్ని చాలామంది అక్కడికి చేరేదాకా అడగనే అడగరు. డేరా ఎక్కడ వేయాలి?

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా ఉండి, ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగం విరమించాను. పనిచేసినన్నాళ్ళూ స్కౌటు మాస్టరుగా పిల్లలను శిబిరాలకు తీసుకువెళ్ళాను. మాది వీరులపాడు. మా ప్రాంతంలో ఏళ్ళకు కొదవ లేదు. కట్టలేరు, వైరా, మునేరు, మూడూ మా చుట్టుపక్కలవే. ఇవి ఒకదానిలో ఒకటి కలిసి, చివరకు మునేరు పేరుతో కృష్ణలో పడతాయి. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డునే దిగువకు పోతే విజయవాడ నగరం. అందుచేత మా పిల్లలు డేరా అనగానే ఏటి ఒడ్డు అనేవాళ్ళు. ఏటి ఒడ్డున గాలి ఉంటుంది, నీళ్ళుంటాయి, ఆడుకోవటానికి ఇసుక ఉంటుంది. వాళ్ళు కోరటంలో తప్పు లేదు. కాని ఏటి ఒడ్డున చోటు ఎంచటం ఒక విద్య. ఈ నెల మీకు ఆ విద్య గురించి చెబుతాను.

ఈ విద్య మనకు కొత్తది కాదు. నా చిన్నతనంలో పెనుగంచిప్రోలు తిరపతమ్మ తల్లి తిరునాళ్ళకు ఊళ్ళకు ఊళ్ళు ఎడ్లబండ్లు కట్టుకుని కదిలేవి. బండి మీద వెదురుతడికెలతో గూడు, గూట్లో గడ్డిపరుపు, దాని మీద అమ్మమ్మ, పిల్లలు, పిండివంటల డబ్బా. బండి వెనక కుండలూ, కట్టెలూ వేలాడుతూ ఉండేవి. మునేటి ఒడ్డున బండి విప్పితే అదే ఇల్లు. బండి కింద నీడలో ముసలివాళ్ళు పడుకునేవారు, పక్కనే మూడురాళ్ళ పొయ్యి వెలిగేది. అయితే బండిని ఎక్కడ పడితే అక్కడ విప్పేవారు కాదు. మా తాతగారు ముందుగా దిగి, చుట్టూ నాలుగడుగులు నడిచి, మట్టిని కాలి బొటనవేలితో గీసి చూసి, ఎడ్లను ఎటు కట్టాలో, పొయ్యి ఎటు పెట్టాలో చెప్పిన తరువాతనే మిగతావాళ్ళం దిగేవాళ్ళం.

గొర్రెల కాపరులను చూడండి. సాయంకాలం మందను నిలిపేటప్పుడు పల్లపు నేల వైపుకు పోరు. మా నందిగామ వైపు మిరపరైతులను చూడండి. కాయలు ఆరబోసే కళ్ళానికి మెరక చోటు చూస్తారు. వాన కురిస్తే నీరు నిలవకూడదు, గాలి ధారాళంగా ఆడాలి, బండి వచ్చేందుకు దారి ఉండాలి. నెలరోజులు ఆ రైతు కళ్ళం దగ్గరే గుడిసె వేసుకుని కాపలా పడుకుంటాడు. నన్నడిగితే, కళ్ళానికి పనికివచ్చిన చోటు డేరాకూ పనికివస్తుంది. మా పిల్లలకు నేను మొదట నేర్పిన సూత్రం ఇదే.

స్కౌటు ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పవెల్ దొర 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్సీ అనే చిన్న దీవిలో సుమారు ఇరవైమంది పిల్లలతో మొదటి శిబిరం నడిపాడు. మన దేశంలో 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ ఏర్పడింది. ఆ శిక్షణలో మాకు ముడులు వేయటం, మేకులు దిగగొట్టటం, తాళ్ళు బిగించటం అన్నీ నేర్పారు. కాని మేకు దిగగొట్టేది చివర చేసే పని. దానికి ముందు చేయవలసింది చోటును చదవటం. పుస్తకంలో అక్షరాలు ఉన్నట్టే నేలమీద కూడా గుర్తులు ఉంటాయి. అవి ఎట్లా ఉంటాయో ఒక ఉదాహరణ చెబుతాను.

కొన్నేళ్ళ కిందట దసరా సెలవులలో ఇరవై నలుగురు పిల్లలతో మునేటి ఒడ్డుకు వెళ్ళాను. అప్పటికి సెల్‌ఫోనులు లేవు. ఏరు సన్నగా, అవతలి గట్టు వెంట పారుతున్నది. ఇవతల అంతా తెల్లని ఇసుక. పిల్లలు సామాను దించగానే ఇసుకలోకి పరుగెత్తారు.

"మాస్టారూ, ఇసుకలోనే వేద్దామండీ! నీళ్ళు పక్కనే ఉన్నాయి, మొయ్యక్కరలేదు," అన్నారు.

నేను ఔననలేదు, కాదనలేదు. "పావుగంట వ్యవధి ఇస్తున్నాను. ఈ చోటంతా తిరిగి, మీకు వింతగా కనిపించినది ఏమిటో వచ్చి చెప్పండి," అన్నాను.

ఒకడు ఆల్చిప్పలు తెచ్చాడు. ఒకడు కొంగ అడుగుల జాడ చూపించాడు. ఏడో తరగతి చదివే ఒక బక్కపిల్లవాడు మాత్రం వట్టిచేతులతో వచ్చి, "మాస్టారూ, ఆ తుమ్మచెట్టు మీద గడ్డి ఎవరు పెట్టారండీ?" అని అడిగాడు.

మిగతావాళ్ళు, "పిట్టగూడురా!" అని నవ్వారు.

అందరం వెళ్ళి చూశాము. పిట్టగూడు కాదు. కొమ్మల్లో వరిగడ్డి, జొన్నచొప్ప, ఒక తెగిన రబ్బరు చెప్పు, అన్నీ చిక్కుకుని ఉన్నాయి. నేను చెయ్యి ఎత్తినా అందనంత ఎత్తున ఉన్నాయి. ముళ్ళకొమ్మలన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

"ఏ పక్కకు వాలినాయి?" అని అడిగాను.

"దిగువకండీ. కృష్ణ వైపుకు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒకడు నెమ్మదిగా, "అయితే నీళ్ళు ఇంత ఎత్తు వచ్చాయా అండీ?" అన్నాడు. వాడు నిలబడి ఉన్నది డేరా వేద్దామనుకున్న చోటే.

అందరిలోకీ పొడుగుగా ఉన్న పిల్లవాడు ఊరుకోలేదు. "అది వానాకాలం సంగతి మాస్టారూ. ఇప్పుడు ఆకాశంలో మబ్బుతునకైనా లేదు గదండీ," అన్నాడు. వాడి ప్రశ్న తీసిపారవేయదగినది కాదు. దానికి నేను జవాబు చెప్పేలోపల, దగ్గరలో వల ఆరవేసుకుంటున్న జాలరి ఒకాయన నవ్వి ఇట్లా అన్నాడు:

"అబ్బాయీ, ఈ ఏరు మన మబ్బు చూసి రాదు. ఖమ్మం మబ్బు చూసి వస్తుంది. నా వల ఇసుకలో ఆరేస్తాను గాని, నేను మటుకు గట్టుమీదే పడుకుంటాను."

గట్టు మీద ఒక బీడుచేను ఉన్నది. దాని ఆసామి ఇంటికి వెళ్ళి అనుమతి అడిగాము. ఆయన, "కళ్ళం చేసే చోట వేసుకోండి, నేల చదునుగా ఉంటుంది," అన్నాడు. నీళ్ళు మాత్రం రెండు వందల అడుగుల దూరం నుంచి బిందెలతో మోసుకోవలసి వచ్చింది. పిల్లలు నాకు వినిపించకుండా సణుక్కున్నారు. మొదటి రాత్రి హాయిగా గడిచింది. రెండో రాత్రి కూడా మా మీద ఒక్క చినుకు పడలేదు. నిండా చుక్కలు ఉన్నాయి. నాలుగో జామున కాపలా ఉన్న పిల్లలు ఈల ఊదారు. లేచి చూస్తే చీకట్లో ఏమీ కనిపించలేదు గాని, ఏటి చప్పుడు మారింది. అంతకు ముందు గలగలమన్నది ఇప్పుడు హోరుమంటున్నది. తెల్లవారేసరికి ఇసుక లేదు. ముందురోజు సాయంకాలం మేము చెడుగుడు ఆడిన చోట ఎర్రనీరు సుళ్ళు తిరుగుతూ పోతున్నది. తుమ్మచెట్టు మొదలు నీళ్ళలో ఉన్నది. ఆ రోజు బిందె పట్టమని నేను ఎవరికీ చెప్పలేదు. అందరికంటె ముందు బిందె పట్టినవాడు ఆ పొడుగు పిల్లవాడే.

ఇక దీని వెనక ఉన్న శాస్త్రం ఏమిటో చూద్దాము. ఏటిలోకి వచ్చే నీరు మనం నిలబడ్డ చోట కురిసిన వాననీరు ఒక్కటే కాదు. ఎగువన ఎంత నేల మీది వాన ఆ ఏటిలోకి జారుతుందో, ఆ నేలనంతా దాని పరీవాహక ప్రాంతం అంటారు. మునేటి పరీవాహక ప్రాంతం ఖమ్మం దాటి, వరంగల్లు వైపు పాకాల అడవుల దాకా ఉన్నది. అక్కడ రాత్రి కురిసిన కుంభవృష్టి నడుచుకుంటూ మన దగ్గరకు వచ్చేసరికి మన నెత్తిన ఎండ కాస్తూ ఉండవచ్చు.

కృష్ణ సంగతి మరొక రకం. దానిమీద ఆనకట్టలున్నాయి. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉన్నది. ఒక లెక్క చేయండి. పులిచింతలలో సాయంకాలం ఆరుగంటలకు గేట్లు ఎత్తారనుకోండి. నీరు గంటకు ఏడు కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. విజయవాడకు ఎప్పుడు చేరుతుంది? సుమారు పన్నెండు గంటలకు, అంటే మరునాటి ఉదయం ఆరుగంటలకు. మధ్యలో ఉన్న ఊళ్ళకు నడిరాత్రి చేరుతుంది. మీరు సాయంకాలం డేరా వేస్తున్నప్పుడే, తెల్లవారుజామున మిమ్మల్ని లేపబోయే నీరు ఎగువన బయలుదేరి ఉండవచ్చునన్నమాట!

ఇది ఊహ మాత్రమే కాదు. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి విరిగి కొట్టుకుపోయింది. ఆ నెలలోనే కంచికచర్ల దగ్గర చెవిటికల్లు వద్ద ఇసుక కోసం ఏటిలోకి దిగిన వందకు పైగా లారీలు, కృష్ణలో ఒక్కసారిగా నీరు పెరగటంతో మధ్యలో చిక్కుకుపోయాయి. వాటిలోని మనుషులను పడవల మీద ఒడ్డుకు చేర్చారు. లారీ ఎంత బరువు ఉంటుందో మీకు తెలుసు. ఆ లారీ బయటికి రాలేని చోట గుడ్డడేరా ఏమి నిలుస్తుంది?

2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో ప్రకాశం బ్యారేజీ నుంచి సెకనుకు 11.43 లక్షల ఘనపుటడుగుల నీరు దిగువకు పోయింది. బ్యారేజీ కట్టి 1957లో ప్రారంభించినప్పటి నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే దాన్ని ఒక క్యూసెక్కు అంటారు. ఒక ఘనపుటడుగు సుమారు 28 లీటర్లు. గుణించి చూడండి. సెకనుకు 3 కోట్ల 20 లక్షల లీటర్లు! మన వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకర్లయితే, కన్ను మూసి తెరిచేలోపల 6,400 ట్యాంకర్లు దొర్లిపోయినట్లు. నీటి బరువు కూడా గుర్తుంచుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల తొట్టిలోని నీరు వెయ్యి కిలోల బరువు. అందుకే మోకాలిలోతు నీరైనా వేగంగా పారుతున్నప్పుడు పెద్దవాళ్ళను కూడా పడదోస్తుంది.

మనసుకు కష్టమైన రెండు సంగతులు కూడా చెప్పక తప్పదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి హిమాచల్ ప్రదేశ్‌కు విహారయాత్ర వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నది రాళ్ళమీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు నిమిషాలలో వాళ్ళను చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు పోయారు. 2025 జూలై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్వాదలూప్ అనే నది ముప్పావుగంటలో సుమారు 26 అడుగులు పెరిగింది. ఆ ఒడ్డున నిద్రపోతున్న ఒక బాలికల శిబిరంలోనే 27 మంది బాలికలు, యువ సహాయకులు చనిపోయారు. ఈ రెండు చోట్లా పిల్లలు చేసిన తప్పు ఏమీ లేదు. నదులు అందంగా ఉన్నాయి, పిల్లలు సంతోషంగా ఉన్నారు. కనుక తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఒకటే. పిల్లలు చూసేది ఇప్పటి నీటిని. ఈ రాత్రి నీరు ఎక్కడ ఉంటుందో చూడవలసినది పెద్దలు.

అయితే నది పక్కకు పోవద్దా? తప్పక పొండి. చోటు తెలిసి పొండి. విజయవాడ చుట్టుపక్కల డేరా వేయాలనుకున్నారనుకోండి. నాలుగు చోట్లను నాతో పాటు తూచి చూడండి.

మొదటిది భవానీ ద్వీపం. బ్యారేజీకి ఎగువన నది మధ్యలో, 130 ఎకరాలకు పైగా విస్తరించి ఉన్నది. చెట్లు, గాలి, పడవ ప్రయాణం, అన్నీ పిల్లలకు ఇష్టమైనవే. కాని 2009లోనూ, 2019లోనూ, 2024లోనూ వరద ఆ ద్వీపాన్ని ముంచింది. దీవిలో ఉన్నవాళ్ళు పడవ లేకుండా బయటికి రాలేరు. కనుక వానాకాలంలో అది పగలు చూసి, సాయంకాలానికి తిరిగి రావలసిన చోటు.

రెండవది ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా మళ్ళించిన గోదావరి నీరు అక్కడ కృష్ణలో కలిసింది. ఆ సంగతి పిల్లలకు చూపవలసినదే. కాని ఘాట్ల సిమెంటులో మేకులు దిగవు, మెట్లకు దిగువన లోతు తెలియదు. అదీ పగటి చోటే.

మూడవది కొండపల్లి. కొండమీద రెడ్డిరాజుల నాటి కోట, దిగువన పొణికికర్రతో బొమ్మలు చేసే పనివారి ఇళ్ళు. వరద భయం కోట దాకా రాదు. కాని అది రక్షిత అటవీ ప్రాంతం. అటవీశాఖ వారి అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు, నిప్పు అసలే చేయకూడదు. నీళ్ళు మోసుకుపోవాలి. కొండ దిగువన ఉండదలచినా వాగుదారులను తప్పించుకోవాలి. 2024లో విజయవాడ పేటలను ముంచిన బుడమేరుకు నీరు వచ్చేది ఈ కొండల వైపు నుంచే గదా.

నాలుగవది చూడటానికి అంత గొప్పగా ఉండదు. నదికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, మెరకమీద ఉన్న ఏదో ఒక ఊరి బడి ఆవరణ, లేదా తెలిసిన రైతు మామిడితోట. అక్కడ బోరింగు ఉంటుంది, పక్కా గది ఒకటి ఉంటుంది, కేక వేస్తే పలికే మనుషులుంటారు. పగలంతా నది దగ్గర గడిపి, రాత్రికి అక్కడికి చేరుకోవచ్చు. మా పిల్లలను నేను చాలాసార్లు ఇట్లాంటి చోట్లనే ఉంచాను. వాళ్ళు ఇప్పటికీ కనిపిస్తే ఆ రాత్రుల గురించే మాట్లాడతారు గాని, డేరా పక్కన నది లేదని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

దేశం మారినా ఈ లెక్క మారదు. మా మేనల్లుడు అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఉన్నాడు. మిస్సోరి నది మిసిసిపీలో కలిసిన తరువాత, కొద్ది దూరంలోనే ఆ నగరం ఉన్నది. అక్కడి వాళ్ళకు ఇల్లులాంటి మోటారుబండ్లు ఉన్నాయి. దాన్ని ఆర్.వి. అంటారట. లోపలనే పడకలు, పొయ్యి, స్నానాలగది. మన గూడుబండికి దూరపు చుట్టమే ననుకోండి. అటువంటి బండ్లు నిలపటానికి ప్రత్యేకమైన మైదానాలు ఉంటాయి. ప్రతి బండికీ ఒక అంకె వేసిన స్థలం, నీళ్ళ కుళాయి, కరెంటు స్తంభం, కొన్నిచోట్ల మురుగుగొట్టం కూడా ఇస్తారు. పక్కనే డేరాలవారికి వేరే స్థలాలు ఉంటాయి.

వాడు ఒకసారి ఫోను చేసి, "మామయ్యా, పిల్లలను తీసుకుని వెళదామనుకుంటున్నాము. నది అంచున ఒక స్థలం ఉన్నది, వెనక చెట్లలో ఒకటి ఉన్నది. ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు.

"నదికి ఎంత ఎత్తున ఉన్నదిరా?" అన్నాను.

వాడు నవ్వి, "ఎంత దూరమో చెప్పగలను గాని, ఎత్తు ఎవరికి తెలుసు?" అన్నాడు.

"అదే అడిగి తెలుసుకో," అన్నాను. ఎందుకంటే నీటికి దూరంతో పనిలేదు, ఎత్తుతోనే పని. చదును నేలమీద నీరు అరకిలోమీటరు పాకుతుంది. పది అడుగుల గట్టును ఎక్కటానికి మాత్రం దానికి చాలా కష్టం. సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ కొలత 30 అడుగులు దాటితే వరద అంటారు. 1993 ఆగస్టు 1న అది 49 అడుగులు దాటింది. అటువంటి నది పక్కన దూరం అడిగి ఏమి లాభం? మా వాడు వాకబు చేసి, చెట్లలోని స్థలమే తీసుకున్నాడు. పిల్లలు అక్కడ ఉడుతలను లెక్కపెట్టి నాకు ఫోనులో చెప్పారు.

నీటి సంగతి తేలిన తరువాత మిగతా పరీక్షలు చేయండి.

నేల చూడండి. కాస్త వాలుగా, గట్టిగా ఉండాలి. గిన్నెలాంటి గుంటలో వేస్తే వాననీరు చేరుతుంది. చలికాలంలో చల్లగాలి బరువెక్కి పల్లానికే దిగుతుంది గనక అక్కడ చలీ, మంచూ కూడా ఎక్కువ. పడుకునేటప్పుడు తల మెరకవైపు ఉండాలి.

పైకి చూడండి. ఎండుకొమ్మలు ఉన్న చెట్టు కింద వద్దు. తాటిచెట్టు కింద అసలు వద్దు. తాటిపండు పడితే డేరా ఆగదు, నెత్తీ ఆగదు. తేనెపట్టు ఉన్నదేమో కూడా చూడండి. పొయ్యి పొగ తగిలితే తేనెటీగలు ఊరుకోవు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు అన్నిటికంటె మేలు. మంచుకు తడిసిన గుడ్డ త్వరగా ఆరుతుంది.

కిందికి చూడండి. గడ్డివాములకూ, రాళ్ళగుట్టలకూ, ఎలుకబొరియలకూ దూరంగా ఉండండి. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది, రాళ్ళకింద తేలు ఉంటుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీది పడకల్లోకి కూడా వస్తుంది. అందుచేత మడతమంచం గాని, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర గాని ఉండాలి. తెల్లవారి చెప్పులు దులిపి తొడుక్కోండి. అయినా పాము కాటు వేస్తే మంత్రాలకు పోకుండా, కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కనుక దగ్గరి ఆసుపత్రి ఎక్కడ ఉన్నదో బయలుదేరే ముందే తెలుసుకోండి.

గాలి చూడండి. చిటికెడు దుమ్ము పైనుంచి వదిలితే గాలి ఎటో తెలుస్తుంది. డేరా వాకిలి గాలికి ఎదురుగా పెట్టకండి. పొయ్యి డేరాకు పదిపన్నెండు అడుగులైనా ఎడంగా, గాలి పోయే వైపున ఉండాలి. మరుగుదొడ్డి గుంట నీళ్ళకు వంద అడుగులకు తక్కువ కాకుండా, దిగువవైపున తవ్వి, రోజూ మట్టి కప్పాలి.

పిడుగు సంగతి మరువకండి. మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. ధ్వని ఒక కిలోమీటరు నడవటానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కపెట్టేలోపల ఉరుము వినిపిస్తే పిడుగు పదికిలోమీటర్ల లోపలనే ఉన్నది. అప్పుడు డేరాలో గాని, ఒంటరిచెట్టు కింద గాని ఉండరాదు. పక్కా కట్టడంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని పోవాలి. ఆఖరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రావద్దు. అందుకే డేరా వేసే ముందే, పరుగెత్తి చేరుకోగల కట్టడం ఏదో పిల్లలందరికీ చూపించాలి.

చివరగా, ఆ చోటు ఎవరిదో వారిని అడగండి. అడిగితే రెండు లాభాలున్నాయి. అనుమతి దొరుకుతుంది. ఆ చోటును గురించి వారికి తెలిసినది మనకూ తెలుస్తుంది. చేపలు పట్టేవారు, గొర్రెలు కాచేవారు, పడవ నడిపేవారు, వీరు చెప్పే సంగతి ఏ సెల్‌ఫోనులోని పటం కూడా చెప్పదు. అయితే సెల్‌ఫోను కూడా పనికిరానిది కాదు. వానల గురించీ, ప్రాజెక్టు గేట్ల గురించీ అధికారులు ఇచ్చే హెచ్చరికలు ఇప్పుడు అందులో వస్తాయి. వాటిని బయలుదేరే ముందు ఒకసారి, చీకటిపడే ముందు ఒకసారి చూడమని నాన్నగారితో చెప్పండి. రాత్రంతా ఇద్దరు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని మేలుకుని ఉండండి.

తల్లిదండ్రులకు ఒక మాట. చోటు మీరే ఎంచి, పిల్లలను దానిలో కూర్చోబెట్టకండి. ముందు వాళ్ళను తిరిగి చూడనివ్వండి. వాళ్ళు చూసినదాన్ని గురించి అడగండి. వద్దు అని మీరు చెప్పిన మాట మీరు పక్కన ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఎందుకు వద్దో తమ కళ్ళతో కనుక్కున్న పిల్లలు మీరు లేనిచోట కూడా జాగ్రత్తగా ఉంటారు.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. మీ ఊరి పక్కన ఏరు గాని, వాగు గాని, చెరువు గాని ఉంటే పెద్దవాళ్ళతో కలిసి పగటిపూట వెళ్ళండి. నీళ్ళలోకి దిగవద్దు. గట్టు మీది చెట్లమీద, వంతెన స్తంభాలమీద, గోడలమీద పాత వరద గుర్తులు వెతకండి. తాతయ్యనూ, అమ్మమ్మనూ ఏ సంవత్సరంలో నీరు ఎంతదాకా వచ్చిందో అడగండి. ఒక నోటుపుస్తకంలో సంవత్సరం, చోటు, ఎత్తు రాసి, పక్కన బొమ్మ గీయండి. వచ్చే వానాకాలంలో మరొక పుట రాయండి. ఆ పుస్తకాన్ని మీ బడిలో దాచిపెట్టండి. మీ తరువాత వచ్చే పిల్లలు డేరా వేయబోయే ముందు దాన్ని తెరిచి చూసుకుంటారు.